ఆట ముగిసిన పిమ్మట

వృత్తులలో కొన్ని వయస్సుతో పండునవి, కొన్ని వయస్సుతో వాడునవి. వంట చేయు చేయి ముప్పదియవ యేటికన్న నేబదియవ యేట నేర్పరి యగును. వైద్యునకు తల నెరసినకొలది రోగులు పెరుగుదురు. ఉపాధ్యాయుడు ముదిసినను బడి ఆయనను వదలుకొనుట కిష్టపడదు. ఆటను వృత్తిగా గైకొనినవాని గతి మాత్రము వేరు. పదునారు, పదునేడేండ్ల ప్రాయమున మొదలైన అతని యుద్యోగము ముప్పది దాటి నాలుగైదేండ్లు గడచునప్పటికి ముగియును. తక్కినవారు కాలు నిలద్రొక్కుకొను వయస్సున అతడు కాలు వెనుకకు దీసికొనవలసి వచ్చును. అందువలననే, బిడ్డ బంతిని తన్నుటయే బ్రదుకుగా నెంచుకొందునని చెప్పిన దినమున, తల్లి మొదట నడుగు ప్రశ్న “తరువాత ఏమి?” అనునది. ఈ ప్రశ్ననుగూర్చి మా యింట జరిగిన యాలోచనను, ఆ సందర్భమున మా నగరపు ఆటగాండ్ర జీవితములనుండి మేము గ్రహించినదానిని సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మేము హైదరాబాదు పాతబస్తీలో, దబీర్‌పురాలో కాపురముండి ముప్పదియైదేండ్లు దాటినవి. దబీరనగా పారసీభాషలో వ్రాయసకాడు. పూర్వము నగరము చుట్టును కోటగోడయు, దానికి పెద్ద దర్వాజాలును ఉండెడివి. వానిలో నేటికి మిగిలినవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మా దబీర్‌పురా దర్వాజా. ఇచటి సందులు ఇరుకైనవి, ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని యుండును. పెరళ్లు లేవు, తోటలు లేవు. కావున బిడ్డలకు ఆటస్థలమన్నను సందే, మైదానమన్నను సందే. సాయంకాలమున బంతి గోడకు తగులు చప్పుడు వినబడని యిల్లు మా వాడలో నుండదు. క్రికెట్టు ఎంత పెరిగినను ఫుట్‌బాలుపై ఇచటివారి అభిమానము చావలేదు.

మా చెల్లెలి కుమారుడు ఈ సందులలోనే పెరిగినవాడు. పండ్రెండవ యేటనుండి బంతిని విడువలేదు. డిగ్రీ చదువు ముగియకముందే ఒక కార్యాలయమువారు తమ జట్టులో చేర్చుకొనిరి. అది ఖాయమైన కొలువు కాదు. ఏటేట వ్రాయించుకొను ఒడంబడిక. పదునొకండేండ్లు అట్లే గడచెను. నెలకు ఇరువదియైదు వేల రూపాయలు తెచ్చెడివాడు. పెండ్లియైనది, ఒక ఆడుబిడ్డ కలిగినది. అతని ముప్పదిరెండవ యేట ఎడమ మోకాలి నరము తెగి శస్త్రచికిత్స జరిగెను. కాలు బాగైనదిగాని మునుపటి పరుగు రాలేదు. ఆ యేడాది ఒడంబడిక తిరిగి వ్రాయబడలేదు. రెండు పంక్తుల యుత్తరము వచ్చెను, అంతటితో సరి.

మా మరిదిగారికి చిన్న బట్టల కొట్టు కలదు. కుమారుడు వచ్చి గల్లాపెట్టె యొద్ద కూర్చుండవలెనని ఆయన కోరిక. అందులో తప్పేమియు లేదు. వయస్సు మీరుచున్నది, కొట్టు చూచువారు వేరు లేరు. కుమారుడు మాత్రము, “పెద్దమ్మా, పరుగు పోయింది గాని ఆట పోలేదు గదా! నాకు తెలిసింది పిల్లలకు నేర్పుతాను. శిక్షకుడు కావడానికి పరీక్షలున్నాయి, అవి చదువుతాను” అని పట్టుబట్టెను. తండ్రికి ఈ మాట బిడ్డల మాటవలె తోచెను. ఆడి సంపాదించలేనివాడు నేర్పి యేమి సంపాదించునని ఆయన వాదము. ఇంట నాలుగు నెలలు మాటలు తగ్గినవి. తుదకు మరిదిగారు మా యొద్దకు వచ్చి, “వదినగారూ, మీరు చెప్పినట్లు చేద్దాము” అనిరి. కుమారుడును అందుకు సమ్మతించెను. ఒక సంసారము ఇట్లు చేతిలో పెట్టబడినప్పుడు నోటికి వచ్చినది చెప్పరాదు. పదిదినముల గడువడిగి, మా నగరమున ఈ దారిని ముందు నడచినవారు ఆట ముగిసిన పిమ్మట ఏమి చేసిరో చదివియు, తెలిసినవారిని అడిగియు తెలిసికొంటిమి.

హైదరాబాదు ఫుట్‌బాలన్నచో మొదట చెప్పదగిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారిది. ఆయన 1909లో ఈ నగరముననే జన్మించిరి. ఆటగాడేగాని, వృత్తిచే బడిపంతులు. 1943 మొదలు తుదివరకు నగర ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను. భారతదేశపు జట్టునకు ఆయన శిక్షకుడుగా నున్న కాలమున, 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు వచ్చెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానమునకు చేరెను. ఆ మెట్టుపైకి మరల నేటివరకు చేరలేదు. జకార్తా విజయము నాటికే కాన్సరు వ్యాధి ఆయన దేహమున ప్రవేశించియుండెను. 1963 జూన్ 11న ఆయన పరమపదించిరి.

మమ్ము ఆకర్షించినది ఈ కప్పుల లెక్క కాదు, ఆయన నేర్పిన విధము. పిల్లలు బంతిని తమ కాళ్లయందే యుంచుకొని గొప్పకు పోకుండుటకై, బంతి అందినవెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో పోటీలు పెట్టిరట. ఎవనికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలెనని మరియొక విధమగు పోటీ పెట్టిరట. ఇది బడిపంతులు బుద్ధి. చక్కని దస్తూరి గల పిల్లవానిని మెచ్చుకొని యూరకుండక, రాని లెక్కను పదిమారులు చేయించు నేర్పు. ఆయన కుమారుడు ఎస్. ఎస్. హకీమ్‌గారు కూడ 1960 రోము ఒలింపిక్సు జట్టులో నుండి, పిమ్మట రెఫరీగాను, శిక్షకుడుగాను చిరకాలము పనిచేసి 2021లో గతించిరి. తండ్రి సంపాదించిన యిల్లు కుమారునకు వచ్చుట సామాన్యము. తండ్రి నేర్పిన నేర్పు వచ్చుట అరుదు.

మా చెల్లెలి కుమారుని కథకు ఇంకను దగ్గరగా నున్నది మహమ్మద్ హబీబ్‌గారి కథ. ఆయన 1949లో హైదరాబాదున పుట్టిరి. 1966లో, పదునేడేండ్లకే, కలకత్తా పోయి ఈస్టు బెంగాలు జట్టులో చేరిరి. ఆ కాలమున ఆటగాండ్రు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగము సంపాదించుకొని, దాని నీడన ఆడుచుండిరి. హబీబ్‌గారు అట్టి కొలువులను వలదని ఆటనే జీవనముగా పెట్టుకొనిరి. మన దేశమున నిజమైన వృత్తిక్రీడాకారులలో మొదటివారని ఆయనను చెప్పుదురు. ఈస్టు బెంగాలు, మోహన్ బగాను, మహమ్మడన్ స్పోర్టింగు, ఈ మూడు పెద్ద జట్లలోను ఆడిరి. 1977 సెప్టెంబరు 24న పేలే ఆడిన న్యూయార్కు కాస్మోసు జట్టుతో మోహన్ బగాను రెండుకు రెండుగా సమానమైనప్పుడు, ఆ రెండింటిలో ఒక గోలు హబీబ్‌గారిది. ఆయన తమ్ముడు అక్బరు గారును ప్రసిద్ధుడైన ఆటగాడే. కలకత్తావారు ఈయనను ప్రేమతో “బడే మియా” అని పిలుచుచుండిరి.

ఉద్యోగము వలదన్నవాడు ఆట ముగిసిన పిమ్మట ఏమైనట్లు? జంషెడ్‌పురములో టాటావారి ఫుట్‌బాలు అకాడమీలో శిక్షకుడైరి. ఊరూరినుండి ఏరి తెచ్చిన కుర్రవాండ్రను ఇంట నుంచుకొనినట్లు ఉంచుకొని నేర్పు విద్యాలయమది. పిదప బెంగాలునందలి హల్దియాలోను బాలురకు నేర్పిరి. కడపట హైదరాబాదునకే తిరిగి వచ్చిరి. తుదిదినములలో మరపువ్యాధిచే బాధపడి, 2023 ఆగస్టు 15న ఈ నగరముననే కన్నుమూసిరి. ఆయన మరచిన ఆటను ఆయన శిష్యులు మరువలేదు గదా యని ఆ వార్త చదివిననాడు మేమనుకొంటిమి.

హబీబ్‌గారితోడివారు సయ్యద్ నయీముద్దీన్‌గారు. 1944లో హైదరాబాదున పుట్టిన వీరు వెనుకవరుసలో నిలిచి అడ్డుకొను ఆటగాడు. 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలకు భారత జట్టు నాయకులు వీరే. జపానును ఒక గోలుతో ఓడించి మనవారు కంచు పతకము తెచ్చిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు దక్కిన చివరి పతకము నేటికిని అదియే. ఆట విడిచిన వెనుక వీరు శిక్షకులై, 1990లో ఈస్టు బెంగాలు జట్టుచే ఒక్క యేటనే డ్యూరండు, రోవర్సు, ఐ. ఎఫ్. ఏ. షీల్డు, ఈ మూడింటిని గెలిపించిరి. 1997లోను, 2005లోను భారత జట్టు దక్షిణాసియా పోటీలలో నెగ్గినప్పుడు శిక్షకులు వీరే. ఆడినందుకు అర్జున పురస్కారము, నేర్పినందుకు ద్రోణాచార్య పురస్కారము, రెండును వీరికి లభించెను. భారతకథలో అర్జునుడు వేరు, ద్రోణుడు వేరు. ఒక్క జన్మలో రెండు పాత్రలను ధరించుట ఎట్టిదో ఈయన జీవితము చూచి తెలిసికొనవచ్చును.

వీరి కథలు విని ఆటగాడైన ప్రతివాడును శిక్షకుడు కాగలడని యెంచరాదు. ఇచటనే మేము చాలసేపు ఆగి ఆలోచించితిమి. మన యిండ్లలో చూడుడు. చేయి తిరిగిన అత్తగారిని కొత్తకోడలు “ఉప్పెంత వేయవలె?” నని యడుగును. “తగినంత” అని ప్రత్యుత్తరము. అత్తగారు దాచిపెట్టుట లేదు. ఆమె యెరుక చేతిలో నున్నదేకాని మాటలోనికి రాలేదు. ఆటగాని విద్యయు అట్టిదే. అది కాలిలో నుండును. దానిని మాటలోనికి తెచ్చి, పదేండ్ల బిడ్డకు అర్థమగునట్లు చేయుట వేరొక విద్య. అందువలననే నేడు శిక్షకులకు పరీక్షలు, లైసెన్సులు ఏర్పరచిరి. మొదటిది డి లైసెన్సు, పిమ్మట సి, బి, ఎ, కడపటిది ప్రో. బిడ్డల యెముకలు ఎదుగు వయస్సున ఎంత పరుగు తగును, ఏ దెబ్బకు ఏమి చేయవలెను, ఓడినవానితో ఎట్లు మాటలాడవలెను, ఇవియన్నియు నేర్పుదురు. ఎంత గొప్పగా ఆడినవాడైనను మరల మొదటిమెట్టునుండి విద్యార్థిగా కూర్చుండవలసినదే. ఆ వినయము లేనివానికి ఈ వృత్తి పనికిరాదు.

ఇంకొక సంగతియు గమనింపదగినది. ఆటగాని కాలము ముగియుటకు ముదిమియే రానక్కరలేదు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్‌గారు 1956, 1960 ఒలింపిక్సులలోను, 1962 జకార్తా విజయములోను పాల్గొన్న అసమాన క్రీడాకారుడు. రోములో హంగరీపై గోలు చేసిన కాలు ఆయనది. అట్టివాడు 1963లో ఊపిరితిత్తుల జబ్బుచేత ఇరువదియేడేండ్లైన నిండకముందే ఆట విడువవలసి వచ్చెను. పిమ్మట కలకత్తా ప్రాంతమున స్థిరపడి, అచటి బాలురకు ఆట నేర్పిరి. 2023 ఫిబ్రవరిలో కాలధర్మము నొందిరి. ఆట ఒక్క పూటలో చేజారవచ్చును. నేర్పు శక్తి యున్నచో జీవితము చేజారనక్కరలేదు.

ఇవి తెలిసినను మా మనస్సు తీరలేదు. పెద్దల కథలు పెద్దలవే. మన బిడ్డకు నేర్పు శక్తి కలదా? ఇది చూడక తీర్పు చెప్పుట తగదని, ఒక ఆదివారము తెల్లవారుజామున అతడు పిల్లలను పోగుచేయు మైదానమునకు, అతనికి చెప్పకయే, పోయితిమి. ఇరువదియిద్దరు బాలురు. అందులో ఒక చిన్నవాడు బంతిని వ్రేలికొనతో పొడుచుచున్నాడు, బంతి వంకరగా పోవుచున్నది. తక్కినవారు నవ్వుచున్నారు. మా బిడ్డ నవ్వువారిని మందలింపలేదు; వారికి వేరొక పని చెప్పి దూరముగా పంపెను. తరువాత ఆ శస్త్రము తగిలిన మోకాలినే నేలనాన్చి కూర్చుండి, ఆ చిన్నవాని చీలమండను చేత పట్టుకొని, పాదపు లోపలి ప్రక్క బంతికి తగులునట్లు పదిమారులు కదలించెను. పదునొకండవమారు చేయి తీసివేసెను. బంతి తిన్నగా పోయెను. ఆ బాలుడు వెనుదిరిగి అతని ముఖము చూచిన చూపును మేము చూచితిమి. అంతకన్న పరీక్ష మాకు వలసినది లేదు.

అయినను చూపుతో సంసారము నడువదు. కాగితము తీసి లెక్క వ్రాసితిమి. ఇరువదియిద్దరిలో నలుగురు ఇచ్చుకొనలేనివారు. తక్కిన పదునెనమండుగురు నెలకు ఐదువందలచొప్పున ఇచ్చినచో తొమ్మిదివేలు. బంతులు, వలలు, మైదానపు ఖర్చు పోగా మిగులునది ఇల్లు గడుపుటకు చాలదు. మరిదిగారి కొట్టు కూడదని చెప్పుట అన్యాయము, కొట్టు ఒక్కటే చాలునని చెప్పుటయు అన్యాయము. అప్పుడు కోడలిని పిలిచి యడిగితిమి. ఇంతవరకు ఆమెను అడిగినవారే లేరు. ఆమె కొంతసేపు ఊరకుండి, “పెద్దత్తమ్మా, కొట్టులో కూర్చున్న రోజు ఆయన ఇంటికి వచ్చి మాట్లాడరు. పిల్లలకు నేర్పిన రోజు అన్నం తింటూ కూడా ఏ పిల్లవాడు ఏం చేశాడో చెబుతూనే ఉంటారు. డబ్బు సంగతి నేను సర్దుకుంటాను. రెండేండ్లు చూద్దాము” అనెను. లైసెన్సు చదువునకు కావలసిన రుసుమును తాను కూడబెట్టినదానినుండి తెచ్చి ముందు పెట్టెను.

కావున మేము చెప్పిన తీర్పు ఇది. ఉదయము ఆరింటినుండి బడివేళవరకును, సాయంకాలము నాలుగున్నరనుండి ఆరింటివరకును బిడ్డలకు నేర్పుట. పదునొకండు గంటలనుండి నాలుగింటివరకును, మరల ఏడింటినుండి కొట్టు కట్టువరకును తండ్రిప్రక్కన కూర్చుండుట. రంజాను నెలలో మా వాడ పిల్లలు చాలమంది ఉపవాసముందురు, పగలు ఆట సాగదు. కొట్టునకు బేరము ముమ్మరమగునది ఆ నెలయే. ఆ నెలంతయు పూర్తిగా కొట్టునకే. రెండేండ్ల పిమ్మట, చేసిన చదువును, పెరిగిన పిల్లల సంఖ్యను చూచి మరల కూర్చుండి మాటలాడుట. మరిదిగారు చిరకాలము కాగితమును చూచి, “రంజాను నాకు విడిచినాడు, అంతే చాలు” అనిరి.

ఈ వార్త వాడలో పాకినవెంటనే ఎదురింటి ఆపా వచ్చి, “మా అమ్మాయి కూడ ఆడుతానంటుంది, నేర్పుతాడా?” అని యడిగెను. ఆడుపిల్లలకు ఫుట్‌బాలేమిటని యనువారు మన యిండ్లలో ఇంకను కలరు. నిజామాబాదు ప్రాంతపు తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబు జట్టులో చేరిన సంగతి ఆపాకు చెప్పితిమి. ఆదివారముల ఉదయము ఆడుపిల్లలకు వేరుగా ఒక గంట ఏర్పడినది. ఇద్దరు తల్లులు వంతులవారీగా గట్టుపై కూర్చుందురు. ఇప్పటికి ఏడుగురు వచ్చుచున్నారు. వారిలో మా చెల్లెలి మనుమరాలొకతె.

సోదరీమణులారా! మీ యింటి బిడ్డ ఆటను కోరినప్పుడు “తరువాత ఏమి?” అని తప్పక అడుగుడు. కాని దానిని గడియవేయు మాటగా కాక, దారి చూపు మాటగా అడుగుడు. చదువును చేజారనీయకుడు, ఎంత చిన్న పట్టమైనను ఒకనాడు అక్కరకు వచ్చును. ఆడి తెచ్చిన రూపాయలో కొంత ఆట ముగియు దినమునకై వేరుంచుడు. చేతిలో ఆట యున్నప్పుడే తనకన్న చిన్నవారికి వారమున కొక్కపూటయైనను నేర్పుమని చెప్పుడు. నేర్పుటలో రుచి యున్నదో లేదో అప్పుడే బయటపడును. ఇంటి కోడలిని అడుగకుండ ఇట్టి సంగతులను తేల్చకుడు.

మేము చెప్పిన రెండేండ్లలో ఇప్పటికి ఎనిమిది నెలలు గడచినవి. మొదటి లైసెన్సు చేతికి వచ్చినది. రెండవదానికి రాత్రి కొట్టు కట్టిన పిమ్మట చదువుచున్నాడు. పిల్లలు ముప్పదియొక్కరైరి. ఇది విజయమో కాదో చెప్పుటకు ఇంకను వేళ కాలేదు. ఇంట మాత్రము తండ్రికొడుకులు ఒకే పంక్తిని కూర్చుండి అన్నము తినుచున్నారు. ప్రస్తుతమునకు మాకు అది చాలును.